ఒర్రె అవతలి రెండెకరాలు

మా ఇంటి పక్క ఖాళీ ప్లాటులో సర్కారు తుమ్మ మనిషెత్తు పెరిగింది. పాములు వస్తున్నాయని కాలనీవాళ్లు గోల పెడితే, ప్లాటు యజమాని హైదరాబాదులో కూర్చునే ఫోన్లో ఒక డోజరును పురమాయించాడు. అది వచ్చి పావుగంటలో కంపనంతా గీకి ఒక మూలకు నెట్టి వెళ్లిపోయింది. అందరూ ప్రహరీల మీద నుంచి చూసి సంతోషించారు. నేను ఊరుకోలేక, "ఇది కంప కొట్టడం కాదు, గడ్డం గీకడం. ఒక్క వాన పడనివ్వండి, ఒక్కటికి పది లేస్తాయి" అన్నాను. ఎదురింటాయన నన్ను ఎగాదిగా చూసి, "రిటైరైనా మీ సర్వేలు ఆగలేదు సారూ" అన్నాడు.

ఆ గడ్డం గీకడం అన్న మాట ఆమెది. నేను అరువు తెచ్చుకుని వాడుకుంటున్నాను. నల్లగొండ జిల్లా పడమటి మెట్టలో, మర్రిగూడ దాటి ఇంకా లోపలికి పోతే వచ్చే ఒక పల్లె ఆమెది. పదేళ్లు నాకు తెలిసిన మనిషి. పోయిందని మొన్నీమధ్యే తెలిసింది. ఎలా తెలిసిందో చివర చెబుతాను. ముందే చెప్పేస్తే మిగతాది చెప్పే మొహం నాకు ఉండదు.

నేను ముప్పై రెండేళ్లు ప్రభుత్వంలో భూములు కొలిచాను. ఇద్దరు రైతుల మధ్య గొలుసు లాగితే సాయంత్రానికి ఒకడు దండం పెడతాడు, ఇంకొకడు దుమ్మెత్తి పోస్తాడు. అందుకని ఏ ఊళ్లోనూ ఎవరి చేతి నీళ్లూ తాగకూడదని నియమం పెట్టుకున్నాను. నీళ్లు తాగిన చోట నోరు లేవదు. ఆ నియమం ఆమె దగ్గర ఒక్క చోటే తప్పాను.

కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాది. రెండు మండలాలకు కలిపి నేనొక్కణ్ణే సర్వేయర్ని. ఒకరోజు బండి మీద పోతుంటే బాట పక్కన కంప గుబురు దానంతట అదే ఊగుతోంది. అడవిపందేమోనని బండి ఆపాను. లోపలి నుంచి మనిషి గొంతు వినబడింది.

"లేవుండ్రి. ఉన్నోళ్లు లేచి పోండ్రి. నేనొస్తున్న."

కర్రతో నేల మీద కొట్టిన చప్పుడు, మళ్లీ అదే మాట. కాసేపటికి ఒక కుందేలు బయటికి దూకి నా బండి ముందు నుంచే పరుగెత్తింది. దాని వెనకాల ఆమె వచ్చింది. చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా, తలకు తువ్వాల, కాళ్లకు టైరు చెప్పులు. నన్ను చూసి ఏమాత్రం తడబడకుండా, "నువ్వెవలు? నిన్ను లెవ్వమన్లే" అంది.

నేను ఫలానా అని చెప్పాను. భూములు కొలిచేవాణ్ణని తెలియగానే మొహం విప్పారింది. "అయితె మనోడివే. కూసో సారూ, నీళ్లు తాగు" అంది. పక్కనే ఒక వేపచెట్టు. దాని కింద రెండు సీసాలు. ఒకదాంట్లో ఊళ్లో పట్టుకొచ్చిన ఫిల్టర్ నీళ్లు, రెండోదాంట్లో బోరు నీళ్లు. ఫిల్టర్ నీళ్లు వచ్చిపోయేవాళ్లకు, బోరు నీళ్లు తనకు. నువ్వూ అవే తాగొచ్చు కదా అవ్వా అన్నాను.

"నాకింక కొత్తగ ఏం వంకర పోతది సారూ" అని తన కాళ్లు చూపించింది. తర్వాత కాస్త కోపంగా, "అవ్వంటవేంది? నీకంటె నాలుగేండ్లు పెద్దగుంటనేమో. నీ నెత్తి గూడ తెల్లగనే ఉంది" అంది. ఆ రోజు నుంచి అక్కా అన్నాను.

ఆమె మోకాళ్లు ముడుచుకునేవి కావు. ఆ ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగినవాళ్లకు అది మామూలే. గొంతుక్కూర్చోలేదు గనుక ఒక యూరియా సంచి పరుచుకుని, కాళ్లు చాచి, మొక్క మొదట్లో కూలబడేది. పంగల కర్రతో ముళ్లకొమ్మల్ని అవతలికి నెట్టిపట్టి కింది రెమ్మలు నరికేది. తర్వాత మొదలు చుట్టూ జానెడు లోతు తవ్వేది. కాండమూ వేరూ కలిసే చోట ఒక బుడిపె ఉంటుంది. దాన్ని మెడ అనేది.

"దీని పానం గీడ ఉంటది సారూ. మెడకు కింద కొడితె సస్తది. మీద కొడితె గడ్డం గీకినట్టే, ఒక్కటికి పది లేస్తయి. డోజరోళ్లు, కూలోళ్లు అందరు మీదనే కొడుతరు. ఆళ్లకేంది, ఆళ్ల భూమా?"

పీకిన మొద్దును వేళ్లు ఆకాశం వైపు ఉండేట్టు తిరగేసి పెట్టేది. వేళ్లు కిందికి ఉంటే మళ్లీ మట్టిని పట్టుకుంటుందట. "దీనికి సిగ్గులేదు సారూ" అనేది. రోజంతా కష్టపడితే నాలుగో అయిదో మొదళ్లు. పక్క భూముల్లో కూలీలు అదే పొద్దులో అరెకరం చదును చేసిపోయేవాళ్లు, మరుసటేడు అదే కంప కోసం వాళ్లను మళ్లీ పిలిచేవాళ్లు. ఆమె తవ్విన చోట తుమ్మ తిరిగి లేవగా నేను చూడలేదు. ముప్పై రెండేళ్ల సర్వీసులో ఇంత తప్పులేని పని నా పనితో సహా ఎక్కడా చూడలేదు.

ఇంకో పద్ధతి ఉండేది. ఎప్పుడూ నాలుగు దిక్కుల నుంచీ కొట్టుకొచ్చేది కాదు. గుట్ట దిక్కు ఒకటి తెరిచి ఉంచేది, పాములూ ముంగిసలూ కుందేళ్లూ అటు నుంచి వెళ్లిపోవడానికి. "ఆటి ఇల్లు నేను కూలగొడుతున్న. పోనీకె తొవ్వన్న ఇయ్యకపోతె ఎట్ల" అనేది. ఆదివారం మాత్రం గొడ్డలి ముట్టేది కాదు. తెల్లచీర కట్టుకుని చర్చికి పోయేది. సోమవారం నేను కలిస్తే పాస్టరుగారి ప్రసంగం మీద తన తీర్పు చెప్పేది. "మనిషి పాపం చేసినందుకే భూమి ముండ్లు మొలిపిచ్చిందంటడు. పాపం చేసినోడు ఎవడో సారూ. కొట్టుడు మాత్రం నాకొచ్చె."

ముల్లు తియ్యడంలో ఆమెకు చుట్టుపక్కల పేరు. చొక్కా కాలరుకు మూడు పిన్నీసులు గుచ్చి ఉండేవి. తుమ్మముల్లు లోపల విరిగితే పుండై కూర్చుంటుంది, కాలు వాస్తుంది. మేకలు కాచేవాళ్లూ పత్తి ఏరేవాళ్లూ కుంటుకుంటూ ఆమె దగ్గరికి వచ్చేవాళ్లు. కాలు ఒళ్లో పెట్టుకుని, ఏదో ఒకటి మాట్లాడిస్తూ, మనిషి మాటలో ఉండగానే తీసేసేది. మీద రెండు చుక్కల జిల్లేడు పాలు వేసేది. కాలు ఇచ్చే తీరు చూసి మనిషిని చెప్పొచ్చునని ఆమె నమ్మకం. గుంజుకునేవాడు ఎవర్నీ నమ్మడట. ఊరికే ఇచ్చేవాడికి లోపల కుళ్లు ఉండదట.

ఆ భూమి సంగతి ఆమే చెప్పింది, ఒకేసారి కాదు, నేను ఆగినప్పుడల్లా కొంచెం కొంచెం. వాళ్ల ఇంట్లో ముత్తాతల నుంచీ ఎవరికీ సెంటు భూమి లేదు. అందరూ ఇంకొకరి చెలకల్లో పనిచేసి పోయినవాళ్లే. ఎప్పుడో పాతకాలంలో సర్కారు భూమిలేనివాళ్లకు గుట్ట కింద రెండేసి ఎకరాలు ఇచ్చింది. ఆమె భర్తకూ ఒక కాగితం వచ్చింది. ఒక ఆఫీసరు జీపులో వచ్చి, కిందికి దిగకుండానే, చెయ్యి చాపి, అదిగో అది నీది అన్నాడు. అప్పటికే అంతా కంప. భర్త ఆ చెయ్యి పోయిన దిక్కు చూసి, ఒర్రె దాకా అని అర్థం చేసుకున్నాడు. ఒర్రె అంటే వానకాలంలో గుట్ట నీళ్లు పారే సన్నని వాగు. ఆ ఊళ్లో ఎవరి చెలకైనా ఒర్రెతో ముగుస్తుంది. ఒర్రెను దాటి ఎవరూ హద్దు అడగరు, ఒర్రె ఉండగా ఎవరూ రాయి వెతకరు. తాతల నుంచీ అదే లెక్క.

భర్త కూలికి ఊళ్లు తిరుగుతూ ఆ భూమిని చూసుకోలేదు. ఆయన పోయాక, కూతురి పెళ్లి అయిపోయాక, ఆమె ఒక్కతే గొడ్డలి పట్టుకుని దిగింది. కూతురు నల్లగొండలో ఒక బడిలో ఆయాగా చేస్తుంది. వచ్చి తన దగ్గర ఉండమని పిలిచేదట.

"పోతె నాకేంది సారూ, బువ్వ పెడుతది. గని పోయినప్పుడు నా చేతిల ఏమన్న ఉండాలె గదా. మా ఇంట్ల ఒక్కల చేతికి గూడ భూమి రాలే. గీ రెండెకరాలు సాఫు చేసి నా బిడ్డ చేతిల పెట్టి, ఇగ ఇది మనది అని ఒక్క మాట చెప్పి పోత."

ఆరేళ్లు కొట్టింది. సాఫు చేసిన మేరా ముందు పెసర్లు, తర్వాత ఆముదాలు వేసింది. కొట్టిన కంపనే చుట్టూ కంచెగా పేర్చింది. నేను అటు పోయినప్పుడల్లా ఆగేవాణ్ణి. ఆ వేపచెట్టు కింద కూర్చుని ఆమె నీళ్లు తాగేవాణ్ణి. బాగుందక్కా అనేవాణ్ణి, ఇంకో ఎకరం ఉందక్కా అనేవాణ్ణి. నా భుజానికి సంచి ఉండేది. సంచిలో ఆ ఊరి నక్షా, అంటే సర్వే పటం, ఉండేది.

ఒక్కసారి, ఒక్కసారి ఆ నక్షా తీసి మోకాలి మీద పరిచి చూసి ఉంటే ఐదు నిమిషాల్లో తేలేది. దరఖాస్తు లేకుండా నక్షా విప్పకూడదని రూలేం లేదు. తోచలేదు, అంతే. నేను అక్కడ సర్వేయర్నని నాకే గుర్తులేదు. చెట్టు కింద ఆగిన మనిషిని, అంతే.

ఆరో ఏడు ఆ భూముల ధరలు పెరిగాయి. ఆ పక్క సర్వే నంబరు పట్టాదారు పట్నంలో ఉంటాడు, ఆ పల్లె ఎలా ఉంటుందో కూడా ఎరగడు. ఊరి లెక్కల్లో ఆ నంబరు ఎదురుగా ఏటేటా బీడు అని రాసి ఉంది. వచ్చి చూసి రాసినవాడు లేడు. ఆయన దాన్ని ప్లాట్లు చేసేవాళ్లకు అమ్మాడు. కొన్నవాళ్లు కొలతకు దరఖాస్తు పెట్టారు. ఊరి కావలికారును వెంటబెట్టుకుని నేను గొలుసుతో వెళ్లాను.

ఆమె ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. అందరికీ సరిపడా ఫిల్టర్ నీళ్లు మోసుకొచ్చింది. పక్కవాళ్ల భూమి కొలుస్తున్నారు కాబట్టి దాని అంచున తన హద్దు కూడా తేలుతుందని సంబరం. "నా దిక్కు రాయి గూడ సూపెట్టు సారూ. నేనే పాతుకుంట" అంది.

మూడు రాళ్లు దొరికాయి. నాలుగోదాని దగ్గర లెక్క చూస్తుంటేనే నాకు తెలిసిపోయింది. గొలుసు రెండోసారి లాగించాను. లెక్క మారలేదు. ఆమె సాఫు చేసినదంతా, ఆ ఆముదాలు నిలబడి ఉన్న నేలంతా, పట్నం ఆయన నంబరు. ఆమె నంబరు ఒర్రె అవతల మొదలై గుట్ట మీదికి పోతోంది. ఒర్రె ఇవతల ఆమెకు జానెడు కూడా లేదు. నక్షా గీసినవాళ్లకు ఒర్రెతో పని లేదు.

మూడోసారి చూద్దామని నక్షా చేత్తో పట్టుకుని వెనక్కి అడుగులు వేస్తూ ఆమె కంచె మీద కాలు వేశాను. ముల్లు బూటు అడుగులోంచి మడమలోకి దిగింది. కూలబడ్డాను. ఆమె కావలికారును పక్కకు జరగమని, నా బూటు విప్పి, కాలు ఒళ్లో పెట్టుకుంది. కాలరు నుంచి పిన్నీసు తీసింది. నాకు అప్పటికే తెలుసు. తెలిసి ఆమె ఒళ్లో కాలు పెట్టుకుని కూర్చున్నాను.

నన్ను మాటల్లో పెట్టడానికి, "రాయి ఏడ పాతాలె సారూ, ఒర్రె గడ్డ మీదనా, జర ఇవతలనా?" అని అడిగింది. నేను ఏదో అన్నాను. ముల్లు వచ్చేసింది. అరంగుళం ముల్లు, వెలుగులో పెట్టి చూపించింది. జిల్లేడు ఆకు తుంచి పాలు వేస్తూ, "గుంజకుండ మంచిగిచ్చినవ్ సారూ కాలు" అంది.

బూటు తొడుక్కున్నాక చెప్పాను. బూటు తొడుక్కునేదాకా ఆగాను, అదీ రాయాలి కదా.

ఆమె ఆముదం చెట్ల వైపు ఒకసారి, నా సంచి వైపు ఒకసారి చూసింది. "మరి నాది?" అంది. ఒర్రె అవతలికి చూపించాను. మనిషి దూరలేనంత కంప, మధ్యలో బండలు.

"ఏడికెల్లి ఏడిదాంక?"

"కంపలోకి గొలుసు పోదక్కా. ఇక్కడి నుంచి సరిగ్గా చెప్పలేను. అటుపక్క."

"అంటె మల్ల సూపిచ్చుడే గదా" అంది.

ఆరేళ్లు నువ్వు ఈ చెట్టు కిందే కూర్చున్నావు కదా అని ఆమె అనలేదు. అని ఉంటే బాగుండేది, నేను ఏదో ఒకటి బుకాయించి, కోపం తెచ్చుకుని, ఇంటికి పోయి మరిచిపోయేవాణ్ణి. సీసాలు సర్దుకుని లేచింది. "పోయిరండ్రి సారూ, మీకు ఎండైతుంది" అంది. అప్పటిదాకా నన్ను నువ్వు అన్న మనిషి ఆ రోజు నుంచి మీరు అంది. నేను ఎంత పెద్దవాణ్ణో ఆమెకు అప్పుడు తెలిసినట్టుంది.

ఆముదాలు కోతకు రాకముందే అక్కడ డోజరు తిరిగింది. తెల్లరంగు రాళ్లు పాతారు.

నెల తిరక్కుండా ఆమె మా ఆఫీసుకు వచ్చింది. కూతురితో రాయించుకున్న దరఖాస్తు చేతిలో ఉంది. తన రెండెకరాలు కొలిచి నాలుగు రాళ్లు పాతమని. "రాళ్లు పాతినంక రేపే గొడ్డలి పడుత సారూ. పాతకముందు ఒక్క రెమ్మ గూడ ముట్ట. ఈ పారి గూడ పరాయోళ్లదయితె నాకు ఇంకో ఆరేండ్లు లెవ్వు" అంది.

న్యాయమైన మాటే. కానీ కంపలో గొలుసు సాగదు. ఈ రాయి దగ్గర నిలబడితే ఆ రాయి దగ్గరి మనిషి కనబడాలి. అందుకని ఎక్కడైనా దరఖాస్తుదారే ముందు కంప కొట్టించి దారి చేసి పెట్టాలి. అదే మా ఆఫీసు పద్ధతి. "ముందు కొట్టి పెట్టక్కా, కొలుస్తా" అన్నాను. "కొలిసి పెట్టుండ్రి సారూ, కొడుత" అంది. ఆ మొదటి రోజు ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

అలా నాలుగేళ్లు. ఎవరైనా వింటే ఇద్దరికీ బుద్ధి లేదంటారు. ఆమె సంగతి నాకు తెలియదు, నా సంగతి మాత్రం అంతే. ముగ్గురు మనుషుల్ని పెట్టి ఒక పూట లైను కొట్టిస్తే అయిపోయే పని. కావలికారును అడిగితే వచ్చేవాడు. నేనే అడగలేదు. ఒక ఏడు కొత్త పాస్ పుస్తకాల పని మీద పడింది. ఒక ఏడు పక్క రైతులకు నోటీసులు అందలేదన్నాను. ఒక ఏడు జబ్బుల భయంతో ఆఫీసులే తెరుచుకోలేదు. అబద్ధం ఒక్కటీ లేదు. ప్రతి కారణమూ నిజమే, అదే నా అదృష్టం.

ఆమె నెలకోసారి సోమవారం వచ్చేది. వరండాలో గోడకు ఆనుకుని, కాళ్లు చాచుకుని కూర్చునేది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. నేను బయటికి వస్తే లేవబోయేది, నేను వద్దని చెయ్యి ఊపేవాణ్ణి. ఒకసారి టీ తెప్పించి ఇస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. కాలుతుందని గ్లాసు కింద పెట్టి చీర కొంగుతో పట్టుకుంది. అప్పుడు చూశాను ఆమె అరచేతులు. కాయలు ఊడిపోయి మెత్తబడి ఉన్నాయి. గొడ్డలి పిడికి, తుమ్మముల్లుకు లొంగని చేతులు టీ గ్లాసుకు కాలుతున్నాయి. అయినా ఆ వారం కూడా కొలవడానికి వెళ్లలేదు.

ఇంకోరోజు పని వత్తిడిలో ఆమె మీద అరిచాను. రూలు రూలే, నీ ఒక్కదాని కోసం మార్చాలా అన్నాను. ఆమె తలొంచుకుని విని, "మీరు మంచోళ్లే సారూ. నేనే మొండిదాన్ని" అంది. అంతకంటే ఘోరమైన మాట నా సర్వీసులో ఎవరూ అనలేదు.

నేను రిటైరయ్యే నెలలో చివరిసారి వచ్చింది. బాగా చిక్కిపోయింది. కర్ర పట్టుకుని నడుస్తోంది. నేను టేబుల్ సొరుగులు ఖాళీ చేస్తూ పెన్షన్ కాగితాలు వెతుక్కుంటున్నాను. గుమ్మంలో నిలబడి, "పోనీ సారూ, మీ మాటే కానియ్యుండ్రి. ఎంత కొట్టాలె?" అని అడిగింది.

నాలుగేళ్లలో మొదటిసారి అడిగింది ఆ మాట. చెప్పాను. తలూపి వెళ్లిపోయింది.

మొన్న మా ఆవిడను నల్లగొండ దవాఖానకు తీసుకువెళ్లాను. చీటీ కోసం వరుసలో నిలబడితే ముందున్న ఒకావిడ వెనక్కి తిరిగి, "కొలిచే సారు గదా మీరు?" అంది. ఒర్రె దగ్గరి అక్క కూతురు. నేను పోల్చుకోలేకపోతే తల్లి ఊరు చెప్పింది. అమ్మ ఎలా ఉందమ్మా అన్నాను.

"పోయింది సారు. పోయినేడు వానకాలం మొదట్ల."

వరుస కదులుతోంది. ఆమె ముందుకు జరుగుతూ, మళ్లీ వెనక్కి తిరుగుతూ చెప్పింది. ఎండాకాలమంతా తల్లి ఒర్రె అవతల కంప కొట్టిందట. కూతురు వెళ్లి వద్దని బతిమాలినా వినలేదట. నిలబడలేదు, సంచి మీద కూర్చుని జరుగుతూ జరుగుతూ కొట్టిందట. అయిపోయాక ఆఫీసుకు వెళ్లి, లైను కొట్టిన, ఇగ రమ్మనుండ్రి సారును అందట. ఆ సారు లేడు, కొత్తగా దరఖాస్తు పెట్టుకో అన్నారట. అది రాయించేలోపే వాన పడింది. వానతో పాటు కంప మళ్లీ లేచింది.

"లేచిందా? మీ అమ్మ కొట్టినది లేవదే" అన్నాను. నాకు నిజంగానే ఆశ్చర్యం వేసింది.

"మెడలు తవ్వలే సారు. మీది మీదనే కొట్టింది. తవ్వుడేందుకే, మనదయితదో కాదో అన్నది."

నా వెనకాలవాళ్లు జరగమంటున్నారు. నేను జరగలేదు. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాను.

"ఎంత కొట్టిందమ్మా?"

ఆమె చీటీ ఇచ్చే కిటికీ దగ్గరికి వచ్చేసింది. లోపలికి చెయ్యి చాపుతూ, నా వైపు చూడకుండానే చెప్పింది.

"మీరు చెప్పినంత, సారు."

ఎంత చెప్పానో నాకు గుర్తులేదు.